మోగితేనే సరుకు

మూడో వరసలో తీగచుట్టల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. నిన్న సాయంత్రం ఇక్కడ పదకొండు చుట్టలు. ఇవాళ చేతికి తగిలినవి తొమ్మిది. మిగతా రెండూ తెల్లవారకముందే లైను మీదికి వెళ్ళాయన్న సంగతి కాపలా మనిషి వచ్చి చెప్పేలోపే ఆమె అరచేతికి తెలిసిపోయింది.

రోజూ అంతే. రిజిస్టరు తెరవకముందు, గ్లాసులో టీ చల్లారకముందు, ఆ పొడవాటి రేకుల షెడ్డును ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి తడుముకుంటూ నడుస్తుంది. బోల్టుల తొట్లు, ఫ్యూజుతీగ ఉండలు, ఇనుప అడ్డకమ్ములు, నల్ల కేబుళ్ళు, నూనె పీపాలు. పొద్దున్నే కొట్టంలోకి వెళ్ళిన మనిషి ఒక్కో పశువు వీపూ నిమిరి వచ్చినట్టు ఉంటుంది ఆ నడక. కళ్ళు లెక్క తప్పుతాయి గానీ చెయ్యి తప్పదని ఆమె నమ్మకం.

ఆ షెడ్డు కరెంటు శాఖ వాళ్ళది. ఊళ్ళోనూ చుట్టుపక్కల ఇరవై పల్లెల్లోనూ లైను మీద ఏది విరిగినా, తెగినా, కాలినా, దాని బదులు సామాను ఇక్కడి నుంచే వెళ్ళాలి. ముప్పయ్యో ఏట ఆమె ఇందులోకి గడ్డి ఊడవడానికి వచ్చింది. పగిలే సామాను పెట్టెల్లో గడ్డి పరిచి పంపేవాళ్ళు. పెట్టె విప్పాక ఆ గడ్డి ఎత్తిపోయడం ఆమె పని. అక్షరం ముక్క రాదు. ఏ తొట్టిలో ఏముందో తెలిపే చీటీలన్నీ ఆమెకు చీమల బారులే. అయినా సామాను అయిపోవచ్చిన సంగతి అందరికంటే ముందు తనకే తెలుస్తోందని, చెబితే ఎవరూ నమ్మడంలేదని గమనించి, ఒకరోజు ఎర్రరంగు డబ్బా ఒకటి సంపాదించింది. ప్రతి సరుకు వెనకా గోడ మీద ఒక గీత గీసింది. సరుకు తరిగి తరిగి గీత బయటపడిందంటే కొత్తది అడగాలి. త్వరగా వచ్చే సరుకుకి గీత కింద, ఆలస్యంగా వచ్చే సరుకుకి గీత పైన. చాలా ఏళ్ళ తరవాత కొత్తగా వచ్చిన ఇంజనీరు ఆ గోడ ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. దీన్ని మేం రెండేళ్ళు పుస్తకాల్లో చదువుకున్నామమ్మా అన్నాడు. ఆమె చీపురు పక్కన పెట్టి, రంగు కొనడానికి అయిన ఖర్చు ఇప్పించమని అడిగింది.

నలభై నాలుగో ఏట అక్షరాలు కూడబలుక్కుంది. పలకా బలపం లేవు. పెట్టెల మీద అచ్చేసిన మాటలే ఆమె వాచకం. ఆమె మొదట చదివిన మాట అమ్మా కాదు, ఆవూ కాదు. ‘పగిలేవి, జాగ్రత్త.’

అయిదో వరస చివర ఆమె నడక మళ్ళీ ఆగింది. ఇక్కడ చేతికి తగలడానికి మూలనున్న ఒక్క పాతది తప్ప ఏమీ లేదు. పింగాణీలు పేర్చే చోటు అది. స్తంభాల మీద తీగను పట్టి వేలాడదీసే గోధుమరంగు పళ్ళేలు, ఒక్కోటీ చంటిపిల్లంత బరువుండేవి. ఖాళీ గోడ, గోడ మీద ఎర్రగీత, గీతకు అడ్డంగా ఒక ఖాళీ చెక్కపెట్టె.

ఆ పెట్టెను అక్కడ పెట్టింది ఆమే.

షెడ్డులో ఆమెను అందరూ ఖంగమ్మ అంటారు. అసలు పేరు జీతాల కాగితంలో ఉంటుంది. పింగాణీల లోడు వచ్చినప్పుడల్లా ఒక్కోదాన్నీ చెక్కపుల్లతో కొట్టి వింటుందని ఆ పేరు. రూలు ప్రకారం వందకు పది చూస్తే చాలు. ఆమె వందకు వందా కొడుతుంది. లోపల వెంట్రుకంత పగులు లేకపోతే పింగాణీ ఖంగుమంటుంది, ఆ మోత ఒక ఊపిరి తీసేంతసేపు గాలిలో నిలబడుతుంది. పగులుంటే టక్కుమని చచ్చిపోతుంది. పైన మెరుగు చూసి ఎంత చదువుకున్నవాడైనా మోసపోతాడు గానీ మోత అబద్ధమాడదు. ఆ విద్య నేర్పిన ముసలి స్టోర్‌కీపరు ఎప్పుడో పోయాడు. అక్షరాలొచ్చాక అతని రిజిస్టరు ఆమెకే అప్పజెప్పారు, అతనిచ్చిన చెక్కపుల్ల మిగిలింది. విరిగిన నిచ్చెనమెట్టును చెక్కి చేసింది, జానెడున్నర పొడవు. ఇరవై ఏళ్ళుగా ఆమె బొటనవేలు ఆనిన చోట చిన్న గుంత పడింది.

ఇన్నేళ్ళయినా ఆమెకు ఒక ఆశ్చర్యం తీరలేదు. ఈ షెడ్డులో కరెంటుకు కావలసినవన్నీ ఉన్నాయి, కరెంటు తప్ప. దాన్ని తూచలేం, పేర్చలేం, తాళం వేసి దాచలేం. పుట్టిన క్షణంలోనే ఎక్కడో ఎవరింట్లోనో ఖర్చయిపోవాలి. కంటికి కనపడని ఆ మహాతల్లిని తీగమీదే నిలబెట్టి, స్తంభంలోకి దిగకుండా, మనిషి మీదికి దూకకుండా ఆపుతున్నదేమిటని చూస్తే, మట్టి. కాల్చిన మట్టి. చేతిలో పింగాణీ పెట్టుకున్న ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇంత మట్టిముద్దకు అంత సత్తువ ఎక్కడిదని.

రెండు నెలల కిందట ఒక పొద్దున గేటు గొలుసు జారి కాలి దగ్గర పడింది. చప్పుడు రాలేదు. ఇసుకలో పడిందనుకుంది. కిందికి చూస్తే బండరాయి. అప్పటి నుంచి చాటుగా పరీక్షించుకుంది. మనుషుల మాటలు వినపడుతున్నాయి, దగ్గరగా మాట్లాడితే. లారీ వినపడుతోంది. స్పూను కిందపడితే వినపడదు. పిట్టలు అరవడం మానేశాయి. సన్నని మోతలన్నీ ఒకటొకటిగా చెప్పకుండా వెళ్ళిపోయాయి. షెడ్డులో ఉన్న పాత పింగాణీ ఒకదాని మీద పుల్లతో కొట్టి చూసింది. పింగాణీ ఊగింది. మోగలేదు.

ఇంట్లో ఈ సంగతి బయటపడే అవకాశమే లేదు. రెండు గదుల ఇంట్లో ఆమె, కుట్టుపని చేసే అక్క, అంతే. అక్క గొంతుకి గోడలకే ఉలికిపాటు. మిషను తొక్కుతూ ఆవిడ వంటింట్లో ఉన్న చెల్లెలితో మాట్లాడితే నాలుగిళ్ళ అవతల ఉన్నవాళ్ళు సమాధానం చెబుతారు. అలాంటావిడ కూడా మొన్న దారం కొరుకుతూ, “నాలుగుసార్లు పిలిచానే. పింగాణీలు పలికితేగానీ పలకవా?” అంది. ఆమె నవ్వేసి ఊరుకుంది.

భయపడింది. ఉద్యోగం పోతుందని కాదు. పదకొండేళ్ళ కిందట ఒకసారి జలుబు చేసి చెవులు దిబ్బడ వేసినప్పుడు ఒక లోడు వచ్చింది. మందు వేసుకుని కూర్చుని కొట్టింది. అన్నీ మోగినట్టే అనిపించాయి. ఆ వానాకాలంలో ఒక స్తంభం మీద పింగాణీ పగిలి, అడ్డకమ్మిలోకి కరెంటు దిగి, పైనున్న లైనుమన్‌కి కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. పిడుగన్నారు, వాన అన్నారు, కాగితం మూసేశారు. పగిలిన ముక్క తుక్కులోకి వచ్చినప్పుడు ఆమె చూసింది. కొత్తగా పగిలితే అంచు కొబ్బరిముక్కలా తెల్లగా ఉండాలి. ఆ అంచులో సగం నల్లగా మురికి పట్టి ఉంది. అంటే అది ఎప్పుడో పగిలిందే. తన చేతుల మీదుగా వెళ్ళిందే. ఆ ముక్క ఇప్పటికీ ఆమె బల్ల సొరుగులో గుడ్డలో చుట్టి ఉంది. ఆ లైనుమన్‌ను తరవాత షెడ్డులో బరువులు ఎత్తే పనికి వేశారు. తోటివాళ్ళు ఏడువేళ్ళాయన అని పిలుస్తారు, అతనూ పలుకుతాడు. ఆమెను పిన్నీ అంటాడు. పదకొండేళ్ళుగా లోడు వచ్చినప్పుడల్లా పింగాణీని పెట్టెలోంచి తీసి ఆమె ముందు పెట్టేది అతనే. ఆమె ఒక్కనాడూ చెప్పలేదు.

అందుకే పింగాణీల వెనక ఎర్రగీత బయటపడినప్పుడు, ఆ గీత గీసిన చెయ్యే దాని ముందు ఖాళీ పెట్టె పెట్టింది. ఇంకో వారం చూద్దాం, చెవి బాగుపడుతుందేమో అనుకుంది. వారం మూడు వారాలైంది. మొన్న గాలిదుమారం వచ్చి ఏటి అవతలికి వెళ్ళే లైనులో ఎనిమిది స్తంభాలు పడగొట్టింది. ఊరికి నీళ్ళు తోడే మోటార్లన్నీ ఆ లైను మీదే ఉన్నాయి. పెద్దట్యాంకులో ఉన్న నీళ్ళు ఈ సాయంత్రం దాకా వస్తాయి, ఆపైన ఆసుపత్రిక్కూడా చుక్క ఉండదు. స్తంభాలు నిలబెట్టారు, తీగ లాగారు. పింగాణీలు తొంభై ఆరు కావాలి. షెడ్డులో ఉన్నది ఒక్కటి.

పదింటికి లారీ వచ్చింది.

కంపెనీ ఏజెంటు లారీ వెనకే తన బండి మీద వచ్చాడు. పదిహేనేళ్ళుగా ఇద్దరికీ బేరాల పరిచయం. పొట్టిగా, ఎప్పుడూ చెమటతో, మాట వెనకే నవ్వు అతికించి మాట్లాడే మనిషి. ఇంజనీరు అప్పటికే గేటు దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. రెండు రాత్రులుగా నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. నూట ఇరవై తెచ్చానన్నాడు ఏజెంటు. అత్యవసరమన్నారు కాబట్టి రాత్రికి రాత్రి ఎత్తించానన్నాడు. చూడ్డానికి టైము లేదు, తిన్నగా లైను మీదికి పంపేద్దామన్నాడు. ఇంజనీరు ఆమె వైపు చూశాడు.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. పుల్ల తీసుకుంది. ఏడువేళ్ళాయన మొదటి పింగాణీ తెచ్చి ముందు పెట్టాడు.

రాత్రంతా మేలుకుని ఆమె ఒక ఉపాయం ఆలోచించుకుంది. చెవికి అందని మోత చేతికి అందదా? ఎడమ అరచెయ్యి పింగాణీ మీద ఆనించి, కుడిచేత్తో కొట్టింది. లోపల ఏదో సన్నగా జలజలమంది. పక్కన పెట్టింది. రెండోది కొట్టింది. ఏమీ లేదు. మూడోది, ఏమీ లేదు. నాలుగోది కొంచెం. ఇరవై ఏడేళ్ళు బోల్టులూ తీగలూ మోసిన అరచెయ్యి అది, చెప్పు అట్టలా గట్టిపడింది. పన్నెండు కొట్టేసరికి తొమ్మిది చెడ్డవైపు చేరాయి.

ఏజెంటు నవ్వు జారిపోయింది. “అమ్మా, చెయ్యి పెట్టి కొడితే ఏ గంటైనా మూగబోతుంది. బేరం కోసమైతే తిన్నగా చెప్పండి. సరుకు గొంతు నొక్కి చచ్చిందనకండి.”

ఆమెకు నిప్పు మీద కాలు పెట్టినట్టయింది. ఇంత చిన్న సంగతి తనకు తోచలేదు. చెయ్యి ఆనితే మోత చచ్చిపోతుందని ముసలి స్టోర్‌కీపరు మొదటిరోజు చెప్పిన మొదటి మాట. పింగాణీని వేలితో కూడా తాకకుండా, గడ్డి చుట్ట మీద కూర్చోబెట్టి కొట్టాలి. వినడం పోయినవాడు మాత్రమే దాన్ని పట్టుకుంటాడు.

ఇంజనీరు దగ్గరగా వచ్చి నెమ్మదిగా చెప్పాడు. పదికి ఒకటి మించి చెడ్డవైతే రూలు ప్రకారం లోడంతా వెనక్కి పోవాలి. వెనక్కి పంపితే ఈ సాయంత్రానికి లైను లేదు. పంపకపోతే పైకెక్కేవాళ్ళు తన మనుషులు. “మీ మాటే మాట. దింపమంటే దింపుతాను, తిప్పి పంపమంటే పంపుతాను. ఏమంటారు?”

ఆ మాటలో ఉన్న బరువు చూసి ఆమె నివ్వెరపోయింది. నిజంగానే ఎవరూ అడ్డు చెప్పరు. చెడ్డదంటే చెడ్డది, మంచిదంటే మంచిది. గడ్డి ఊడ్చే మనిషి నోట్లో ఒక ఊరి నీళ్ళు పెట్టి నిలబడ్డారు వీళ్ళంతా. ఏదో ఒకటి అనేస్తే చాలు, తన గుట్టు తన దగ్గరే ఉంటుంది.

పింగాణీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డ చేతిని చూసింది. ఎడమచేత్తో బరువంతా మోస్తూ, కుడిచేతికి మిగిలిన రెండు వేళ్ళతో ఊరికే ఆసరా పెట్టాడు.

పుల్ల ఒళ్ళో పెట్టుకుంది. “నాకు వినపడటంలేదు సార్. రెండు నెలలైంది. ఆ పెట్టె వెనక ఎర్రగీత కనపడి మూడు వారాలైంది. లోడు వస్తే నా బండారం బయటపడుతుందని చెప్పలేదు.”

 ఏజెంటు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆమె ఏడువేళ్ళాయన వైపు తిరిగింది. నిన్ను కరిచిన పింగాణీ పిడుగుకి పగల్లేదురా అబ్బాయ్ అంది. జలుబు చేసి వినపడక తానే పంపించానంది. ముక్క సొరుగులో ఉందంది. ఇన్నాళ్ళూ చెప్పడానికి నోరు రాలేదంది. ఇవన్నీ మామూలు గొంతుతోనే, చీపురు ఎక్కడ పెట్టిందో చెప్పినట్టు చెప్పింది.

అతను పింగాణీని కింద పెట్టాడు. తన చేతికేసి చూసుకున్నాడు. ఏమంటాడోనని ఇంజనీరు ఒకడుగు ముందుకేశాడు.

“అప్పుడే చెప్పుంటే అప్పుడే తిట్టి మరిచిపోయేవాణ్ణి. ఇప్పుడు తిట్టడానికి టైము లేదు,” అన్నాడు అతను. తరవాత గడ్డి తెచ్చి చుట్ట చేశాడు. కొట్టేసిన పన్నెండునీ మళ్ళీ వరసలోకి లాగి, మొదటిదాన్ని దాని మీద కూర్చోబెట్టాడు. “కొట్టు. చెయ్యి తియ్యి. నేను వింటా.”

నీకు తెలుసా అని ఆమె అడగలేదు. అడగనక్కర్లేదు. పదకొండేళ్ళలో షెడ్డులోకి వచ్చిన ప్రతి పింగాణీ మోత ఆమె చెవిలో పడినప్పుడే అతని చెవిలోనూ పడింది. పాట పాడేవాళ్ళ పక్కన తంబురా పట్టుకుని కూర్చున్నవాడికి పాట వచ్చేసినట్టు, అతనికి తెలియకుండానే వచ్చేసి ఉంటుంది.

కొట్టింది.

అప్పుడు ఆమె ఒక వింత చూసింది. మోత అతని ముఖం మీద కనపడింది. కనుబొమల మధ్య ముడి విడింది, రెప్పలు ఒక్క క్షణం దిగాయి, గొంతు దగ్గర చిన్నగా ఏదో కదిలింది. ఊపిరి తీసేంతసేపు. తరవాత తల ఊపాడు. రెండోది కొట్టింది. ముఖం తలుపు మూసినట్టు మూసుకుంది. అతను చెప్పేలోపే ఆమె దాన్ని చెడ్డవైపు తోసింది. ఇరవై ఏళ్ళు తను విన్నదేమిటో ఆమె మొదటిసారి చూస్తోంది. తన ముఖం కూడా ఇలాగే ఉండేదా? దీన్ని చూసేనా వీళ్ళంతా పని ఆపి నిలబడిపోయేవాళ్ళు?

ముప్పై దాకా అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. పింగాణీ కేసే చూశాడు. ముప్పై ఒకటోది కొట్టాక, “ఇది?” అని ఆమె అడిగింది. “ఇంకోసారి కొట్టు పిన్నీ,” అన్నాడు. పిన్నీ అన్నాడు. ఆమె ఇంకోసారి కొట్టింది.

పన్నెండున్నరకు లెక్క తేలింది. మోగినవి ఎనభై తొమ్మిది. చచ్చినవి ముప్పై ఒకటి. తొంభై ఆరుకు ఏడు తక్కువ. షెడ్డులో ఉన్న పాతది మోగింది గనక ఆరు తక్కువ.

ఇంజనీరు తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం ఏజెంటుకు ఒక గ్లాసు నీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. బేరంలో ఆమె పద్ధతి అది. మొదటి మాట తను అనదు. ఎదుటివాడు ఖాళీని చూసి భరించలేక తానే నింపుతాడు. ఏజెంటు అన్నాడు, దారిలో కుదుపులకు పగిలి ఉంటాయని. ఆమె మాట్లాడలేదు. ముప్పై ఒకటీ వెనక్కి తీసుకెళ్ళి వారంలో మంచివి పంపుతానన్నాడు. ఆమె మాట్లాడలేదు. లారీ ఖర్చు కూడా తనదేనన్నాడు. అప్పటికీ ఆమె చూస్తూనే ఉంది. ఆ చివరి మాట ఆమెకు సగమే వినపడిందని అతనికి తోచలేదు. చెవుడు ఇంత మంచి బేరగత్తె అని ఆమెకూ ఇవాళే తెలిసింది.

“లారీలో తాడు కట్టిన పెట్టె ఇంకోటుంది. అదెవరిది?” అంది అప్పుడు.

అది బజారు దుకాణానిది. కాంట్రాక్టర్లకు కరెంటు సామాను అమ్మే షాపు. పన్నెండు పింగాణీలున్నాయి. వాటిమీద చెయ్యి వేస్తే షాపాయన తన చర్మం ఒలిచి షట్టరుకి కట్టేస్తాడని ఏజెంటు వేడుకున్నాడు. నెలనెలా సరుకు తీసుకునే గిరాకీ అది, మీలాగా గాలిదుమారానికి గుర్తొచ్చే గిరాకీ కాదన్నాడు.

ఆమె రిజిస్టరు తెరిచి అతని వైపు తిప్పింది. ఇవాళ తేదీ వేసి పూర్తి సరుకు ముట్టిందని రాస్తే అతని కంపెనీకి ఆలస్యపు జరిమానా ఉండదు. ఆరు తక్కువ అని రాస్తే ఉంటుంది. ఇద్దరికీ తెలిసిన సంగతే, నోటితో చెప్పలేదు. “షాపాయనకు వారం ఆలస్యమైతే తిడతాడు. నువ్వు తిట్లకు అలవాటుపడ్డవాడివే. ఆసుపత్రిలో నీళ్ళు లేకపోతే ఎవరిని తిట్టాలో కూడా వాళ్ళకు తెలియదు బాబూ.”

ఏజెంటు గ్లాసు ఖాళీ చేశాడు. నవ్వాడు, ఈసారి అతికించినది కాదు. “చెవి పోయినా నోరు పోలేదమ్మా మీకు,” అన్నాడు. తాడు తనే విప్పాడు. అందులో మొదటి ఆరూ ఖంగుమన్నాయి. మంచివాటిని నెలనెలా కొనేవాడికి దాచి, తొందరలో ఉన్నవాడికి మంచీ చెడ్డా కలిపి అంటగట్టాడన్నమాట. ఆ సంగతి ముగ్గురికీ అర్థమైంది. ఏజెంటు తల వంచుకుని చెడ్డ ముప్పై ఒకటీ ఒక్కోటీ తనే లారీలోకి ఎత్తాడు.

ఒంటిగంటకు తొంభై ఆరు పింగాణీలు గడ్డిలో పడుకుని లైను మీదికి వెళ్ళాయి. వాటి వెనక ఇంజనీరు బండి వెళ్ళింది. వెళ్ళేముందు అతను ఆమె దగ్గర ఆగాడు. ఎర్రగీత సంగతి పైవాళ్ళకు రాయక తప్పదన్నాడు. రాయండి సార్ అంది. మిగిలిన మూడేళ్ళూ ఏదో కాగితాల పని ఇప్పిస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కుర్చీ ఉంటే అందరూ మళ్ళీ తననే అడుగుతారు, అడిగితే తను మళ్ళీ చెప్పేస్తుంది. వద్దంది.

మధ్యాహ్నమంతా ఆమె రిజిస్టరుతో గడిపింది. చివరి గడి, రిమార్కులది. అక్షరాలు వచ్చినప్పటి నుంచీ ఆ గడిలో ఆమె ఒకే మాట రాస్తూ వచ్చింది, సరి అని. పేజీలకు పేజీలు సరి, సరి, సరి. ఇవాళ పెన్ను పట్టుకుని కూర్చుంటే గడి సరిపోలేదు. పక్క పేజీలోకి వెళ్ళింది. ఒక్కో అక్షరాన్నీ బిందెలా మోసుకొచ్చి పెట్టింది.

‘తొంభై ఆరు మోగాయి. విన్నది నేను కాదు, ఇతను. నాకు మోత వినపడటంలేదు. గీత కనపడిన రోజే చెప్పకపోవడం నా తప్పు. ఇక నుంచి ఇతను మోగిందంటేనే సరుకు.’

దాని కింద తన సంతకం పెట్టి, పక్కన అతని చేత పెట్టించింది. అతను ఎడమచేత్తో వంకరగా పెట్టాడు. సొరుగులోంచి గుడ్డమూట తీసి ఇచ్చింది. అతను విప్పి, ముక్క అంచును బొటనవేలితో ఒకసారి రాసి చూసి, నల్లమచ్చ ఊడదని తెలుసుకుని, మళ్ళీ చుట్టాడు. “ఇది ఇక్కడే ఉండాలి,” అన్నాడు. “నాక్కూడా జలుబు చేస్తుంది గదా.” సొరుగులోనే పెట్టేశాడు.

ఆరుకు పది నిమిషాలుందనగా ఆమె గేటు బయట నిలబడింది. వీధి కుళాయి దగ్గర బిందెలు, బకెట్లు, నూనెడబ్బాలు మలుపు దాకా బారులు తీరాయి. పొద్దున వీధి కుళాయిలు ఆపగానే పెట్టినవాళ్ళు వాటిని అక్కడే వదిలి నీడకు పోయి కూర్చున్నారు. ఏటి అవతల ఇప్పుడు ఎవరో స్తంభం దిగి చేతులు దులుపుకుంటూ ఉంటాడు. ఎవరో పెద్ద మీట మీద చెయ్యి వేసి ఉంటాడు. ఎక్కడో పుట్టి, తీగల మీదుగా పరిగెత్తుకొచ్చే ఆ కనపడనిది, తొంభై ఆరు మట్టిపళ్ళేల కింద నుంచి పోవాలి. ఒక్కటి చేతులెత్తేసినా చాలు. ఆమె కుళాయి గొట్టం మీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

వీధి దీపం వెలిగింది. అందరూ తలెత్తారు. ఆమె ఎత్తలేదు. చేతికిందికి ఇంకా ఏమీ రాలేదు. వాళ్ళ నోళ్ళు కదలడం, పిల్లలు గెంతడం చూస్తూనే ఉంది. గొట్టం చల్లగా, చచ్చిన ఇనుములా ఉంది. దీపం వెలిగాక మోటారు తిరగాలి, మోటారు తిరిగాక ట్యాంకు నిండాలి, ఇంత తొందరేమిటని తనను తను తిట్టుకుంది. అయినా చెయ్యి తీయలేదు. ఎంతసేపు నిలబడిందో. బారులోని ముసలామె ఎవరో కాస్త జరగమని ఆమె భుజం తట్టింది.

అప్పుడు గొట్టం వణికింది. ముందు సన్నగా, తరవాత బలంగా, ఎక్కడో చాలా దూరం నుంచి వస్తున్న వణుకు. కుళాయి దగ్గినట్టు గాలి వదిలి, ఎర్రటి తుప్పు ఉమ్మి, ఒక్కసారి తెల్లగా పారింది. అరచేతి నుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి దవడ దాకా ఆ వణుకు ఎక్కింది. గట్టిపడిన ఆ చర్మానికి కూడా ఇది అందింది. ఊపిరి తీసేంతసేపు కాదు. ఆగకుండా.

ఆమె కళ్ళు తుడుచుకుని, ముసలామె బిందెను ముందుకు జరిపింది.

షెడ్డులోకి మళ్ళీ వెళ్ళలేదు. తాళాలు మధ్యాహ్నమే ఏడువేళ్ళాయన నడుముకు చేరాయి. గేటు దగ్గర అతను ఏదో అన్నాడు. ఆమె వినపడలేదని చెవి చూపించింది. అతను దగ్గరగా వచ్చి, రేపు పుల్ల పట్టుకోవడం చూపించమన్నాడు. దాంట్లో చూపించేదేమీ లేదురా, నీ ఎడమచేతికి ఎలా వస్తే అలాగే అంది. సంచీ భుజాన వేసుకుని, దీపాలు వెలిగిన వీధిలో, అక్క గొంతు వినపడే దూరానికి నడిచివెళ్ళింది. ఆ మర్నాడు గానీ, ఆ తరవాత గానీ ఆమె ఆ గేటు దాటి లోపలికి రాలేదు.

అయిదో వరస చివర ఖాళీ పెట్టె తీసేశారు, గోడ మీద ఎర్రగీత మొత్తం కనపడుతోంది. దాని పక్కన మేకుకు చెక్కపుల్ల వేలాడుతోంది. ఒకవైపు బొటనవేలు ఆనిన గుంత నూనెపట్టి నల్లగా మెరుస్తోంది, రెండోవైపు చదునుగా, ఇంకా ఏ చెయ్యీ ఆననట్టు తెల్లగా ఉంది.